గంపలో పత్రి, నోట్లో పత్రి

మాది బనగానపల్లె పక్క. ఒకప్పుడు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల అంటున్నారు. గడ్డి రుచి మాత్రం మారలేదు. ఆడమేకను కాబట్టి ఇన్నేళ్లు బతికాను. నాతో పుట్టిన పోతులు ఏ జాతరకు ఆ జాతరకు వెళ్లిపోయాయి.

మా మేపు రవ్వలకొండ కింద, నాపరాళ్ల గుట్టల్లో. వీరబ్రహ్మంగారు అచ్చమ్మగారి ఆవుల్ని మేపుతూ కాలజ్ఞానం రాసింది ఆ కొండ దగ్గరే. మంద చుట్టూ గీత గీస్తే ఒక్క ఆవూ దాటేది కాదట. ఆవులు గనక సరిపోయింది. మేమైతే గీత మీది గడ్డి కూడా మేసి దాటేవాళ్లం.

చేన్లో కలుపని పీకి గనిమ మీద పారేసిందే నాకు కూడు. ఏడాదికి ఒక్కరోజు అదే కలుపు దేవుడి నెత్తికెక్కుతుంది. వినాయక చవితి తెల్లవారుజామున మా అవ్వ, మనవడు గంపతో గనిమ వెంట వస్తారు. 21 రకాల పత్రి కావాలి. మామిడి, మారేడు అంటే పెద్దింటి చెట్లు, సరే. ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు, జిల్లేడు, గరిక? నిన్నటిదాకా పారదెబ్బలు తిన్నవే కదా!

ఉత్తరేణిని నాకంటే దగ్గరగా ఎరిగినవాళ్లు లేరు. కంకి నిటారుగా ఉంటుంది, గింజలు మాత్రం మొనలు కిందికి తిప్పుకుని ఉంటాయి. రాసుకుని పోతే చాలు, పొట్టకింద వెంట్రుకల్ని పట్టుకుంటాయి. పొద్దుగూకాక అవ్వ నన్ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఒక్కొక్కటే పీకుతుంది. అథర్వవేదంలో దీన్నే అపామార్గమని పిలిచి, పాపాలు తుడిచెయ్యమని వేడుకున్నారు. తుడవడం సంగతేమో గానీ, పట్టుకుంటే వదలకపోవడం మాత్రం నిజం.

గరిక కథ మా సీమకే సరిగ్గా అతుకుతుంది. అనలాసురుణ్ణి మింగిన వినాయకుడికి కడుపులో మంట దేనికీ తగ్గక, చివరికి 21 గరిక పోచలతో చల్లారిందట. మే నెలలో ఇక్కడ మేసి చూడండి, నమ్ముతారు. అన్నీ మాడిపోయినా బావిగట్టున గరిక గణుపు ఒకటి పచ్చగా ఉంటుంది.

జిల్లేడు జోలికి మాత్రం పోను. రథసప్తమికి ఏడాకులు నెత్తిన, భుజాన పెట్టుకుని మనుషులు స్నానం చేస్తారు, బాగానే ఉంది. ధౌమ్యుడి శిష్యుడు ఉపమన్యుడు ఆకలికి తాళలేక ఆ ఆకులు తిన్నాడు. కళ్లు పోయి బావిలో పడ్డాడు. అశ్వినీ దేవతలొచ్చి చూపిచ్చారు. పాపం, కాసేది ఆవుల్ని. వెంట ఒక్క మేకున్నా ఆ ఆకు తినొద్దని తెలిసేది.

మనవడు ఫోన్లో చదివి వినిపిస్తుంటాడు. ఐర్లాండనే తడి దేశంలోనూ కలుపుకు కథలున్నాయట. మూడాకుల గడ్డిని చూపి పాట్రిక్ అనే సాధువు త్రిత్వాన్ని బోధించాడట; ఒక పచ్చపూల కలుపును బ్రిజిడ్ అనే సాధ్వి పేరుతో పిలుస్తారట. ఇవన్నీ చెవినబడీ పడనట్టు విన్నాను. కిల్లార్గ్లిన్ అనే ఊరి మాట రాగానే చెవులు నిక్కాయి. అక్కడ ఆగస్టులో మేకపోతుకు కిరీటం పెట్టి రాజును చేస్తారట! అదీ జాతరే. కాకపోతే మెడ మిగులుతుంది.

"ఈ వయ్యారిభామ ఏ దేవునికవ్వా?" అని వాడు ఈసారి చవితికి అడిగాడు.

"దానికింకా ఏ దేవుడూ ఒప్పుకోలేదబ్బీ. గంపలో ఎయ్యాకు, ఒళ్లు దురద," అంది అవ్వ.

సర్కారు తుమ్మకూ అంతే, పురాణం లేదు. 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర తెల్లదొరల అటవీశాఖ పరాయి దేశపు విత్తనం తెచ్చి చల్లింది. ఆ తర్వాత దాన్ని ఊరూరికీ మోసింది మేమే. కాయలు తియ్యగా ఉంటాయి, విత్తనం అరగదు. దాని చరిత్ర కావాలంటే మా పెంటికల్లో వెతకాలి.

అప్పటికి గంప నిండింది. అంచున ఉత్తరేణి కొమ్మ వేలాడుతోంది. అవ్వ అటు తిరగగానే లాగాను.

"ఓసి నీ పాసుగాల! దేవుని పత్రే!" అని కట్టె ఎత్తింది. అప్పటికే మింగేశాను.