పేరు మారిస్తే బొమ్మ మారదు

నేను పుట్టింది సికింద్రాబాద్ సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. మదర్‌బోర్డు ఒక షాపులో, ర్యామ్ పక్క షాపులో కొన్నారు. ఒక కుర్రాడు స్క్రూలు బిగించి కరెంటు ఇస్తే ప్రాణం వచ్చింది. అప్పటినుంచి నా కాపురం ఆరాంఘర్‌లోనే. మెహిదీపట్నం నుంచి వచ్చే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఇక్కడే నేలకు దిగుతుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయే కార్ల హారన్లు రాత్రంతా వినబడతాయి. 2025 జనవరిలో జూపార్కు ఫ్లైఓవర్ కూడా తెరిచారు. దాని పనులు సాగినన్నాళ్ళు లేచిన దుమ్ము నా ఫ్యాన్ రెక్కలకు ఇంకా అంటుకునే ఉంది.

ఇంట్లోవాళ్ళు నన్ను ఎక్కువగా లేపేది ఫోటోల పనికే. ఈ ఇంటి పిల్ల ఐబీపీఎస్ బ్యాంకు క్లర్కు పరీక్షకు దరఖాస్తు పెట్టాలనుకుంది. ఫోటో 200 పిక్సెళ్ళ వెడల్పు, 230 ఎత్తు ఉంటే మంచిదన్నారు. 20 నుంచి 50 కేబీ లోపు జేపీజీ కావాలి. సంతకమైతే 10 నుంచి 20 కేబీ. పిల్ల చేతిలో ఉన్నది ఐఫోన్. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఆ ఫోన్లు ఫోటోను హెచ్‌ఈఐసీగా దాస్తాయి. చోటు తక్కువ పడుతుందని. పిల్ల ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలు చెరిపి జేపీజీ అని కొట్టింది. దరఖాస్తు సైటు ఒప్పుకోకపోతే తల్లిని అడిగింది.

"పేరు మార్చిన గదమ్మా, ఇంక ఎందుకు తీస్కుంటలేదు?"

తల్లికి మాత్రం ఏం తెలుసు? నాకు గొంతుంటే చెప్పేదాన్ని. ఆ అక్షరాలు చూసి ఏ ప్రోగ్రామును పిలవాలో నేను తేల్చుకుంటాను, అంతే. పిలిచిన ప్రోగ్రాము ఫైలు లోపలికి పోయి మొదటి బైట్లు చూస్తుంది. జేపీజీ ఏదైనా ఎఫ్‌ఎఫ్, డీ8 అనే రెండు బైట్లతోనే మొదలవుతుంది. అవి లేకపోతే పైన ఏ పేరు పెట్టినా అది జేపీజీ కాదు.

చివరికి హెచ్‌ఈఐసీ చదివే ఎక్స్‌టెన్షన్ నాలో వేసి, ఫోటోను పెయింట్‌లో తెరిచి, సేవ్ యాజ్ నొక్కి, జేపీఈజీ ఎంచుకుంది. ఆ ఒక్క నొక్కుతో నాలో మొదలయ్యే పని నాకెంత ఇష్టమో! 4032 బై 3024 పిక్సెళ్ళ ఫోటో అది, అడిగిన కొలతకు చిన్నది చేయడం ఆ తర్వాతి పని. ముందు వెలుగును ఒకవైపు, రంగును మరోవైపు విడదీస్తాను. మనిషి కన్ను వెలుగులో తేడాను పట్టినంత బాగా రంగులో తేడాను పట్టదు, కాబట్టి రంగును కొంత తగ్గించినా ఎవరికీ తెలియదు. తర్వాత అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది పిక్సెళ్ళ చొప్పున గళ్ళు కోస్తాను. ఒక్క వెలుగుకే 1,90,512 గళ్ళు. ఒక్కో గడిలోని 64 అంకెలను నెమ్మదిగా మారే ఛాయలుగా, గబగబా మారే ఛాయలుగా వేరు చేస్తాను. గబగబా మారేవాటిని బాగా కుదిస్తాను. చాలావరకు సున్నాలైపోతాయి. సున్నాల వరుసను దాచడానికి ఎంత చోటు కావాలి?

ఈ వేరుచేసే లెక్క పేరు డీసీటీ. మా ఇంటి దగ్గర ఎన్‌హెచ్ 44 ఎక్కి దక్షిణానికి పోతే వచ్చే బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ మనసులో మెదిలిన ఆలోచన అది. 1972లో అమెరికాలో దీనికోసం నిధులు అడిగితే దొరకలేదు. అయినా వదల్లేదాయన. టి.నటరాజన్, కె.ఆర్.రావులతో కలిసి 1974 జనవరిలో వ్యాసం అచ్చువేయించారు. 1992లో వచ్చిన జేపీఈజీ ప్రమాణం ఆ లెక్క మీదే నిలబడింది. పెళ్ళి ఫోటోలు, ఆధార్ కాపీలు, పిల్లల రిపోర్టు కార్డులు, నా గుండా పోయిన ప్రతి జేపీజీలోనూ ఆ ముగ్గురి కష్టం ఉంది.

కానీ సున్నా చేసింది మళ్ళీ రాదు. తాతయ్య సంవత్సరీకానికి ఫ్రేము కట్టించాలనుకున్నప్పుడు ఇంట్లోవాళ్ళకు అది కళ్ళారా కనబడింది. బంధువుల ఫోన్లలో తిరిగి తిరిగి వచ్చిన ఫోటో అది. ఒకరు కత్తిరించి సేవ్ చేశారు, ఒకరు రంగు పెంచి సేవ్ చేశారు. ప్రతిసారీ మళ్ళీ కుదింపే. తెర మీద పెద్దది చేస్తే మీసం అంచున చతురస్రాలు తేలాయి. పై గుండీ చొక్కాలో కలిసిపోయింది.

"గిట్లెందుకయిందే బిడ్డా? మీ తాత మొకం గీతలు గీతలుందేంది?" అంది నానమ్మ.

ఇప్పుడు దాన్ని పీఎన్‌జీగా మార్చినా, ఎంత పెద్ద సైజులో దాచినా, పోయిన గుండీ రాదు. పీఎన్‌జీ తన చేతికిచ్చిన దాన్ని ఒక్క పిక్సెల్ పోకుండా కాపాడుతుంది, పోయినదాన్ని పుట్టించలేదు. అయితే ఆ స్టూడియో ఫోటోను ఎప్పుడో స్కాన్ చేసిన టిఫ్ ఫైలు నా డీ డ్రైవ్‌లో ఉంది. బరువెక్కువని దాన్ని ఎవరూ ఎవరికీ పంపలేదు, అందుకే చెక్కుచెదరలేదు. పిల్ల వెతికి పట్టుకుంది. తెరిచింది. గుండీ ఉంది, గుండీకి నాలుగు రంధ్రాలూ ఉన్నాయి.

"ఆ సొక్క నేనే కుట్టిపిచ్చిన," అంది నానమ్మ.

పిల్ల ఆ టిఫ్‌ను ముట్టుకోకుండా కాపీ తీసి, ఫ్రేముకు సరిపడా కత్తిరించి, ఒక్కసారే జేపీజీ చేసి ప్రింటుకు పంపింది. నా హార్డ్ డిస్కు పాతబడింది, ఎప్పుడు ఆగుతుందో చెప్పలేను. పిల్లకూ అది తట్టినట్టుంది. 'అసలు' అని ఒక ఫోల్డర్ చేసి, టిఫ్‌ను అందులో పెట్టి, మొత్తాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి, మేనత్తకు ఇవ్వడానికి మరో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది.