మీసాల దొరగారి కొలను

రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదుల చేప. వీపు నలుపు, పక్కన తెల్లటి పట్టీ, తోక ఎరుపు, మూతికి మూడు జతల మీసాలు. మన వాలుగకూ జెల్లకూ దూరపు చుట్టం. పోలీసులు లారీలతో సహా పట్టుకున్నారని మన పత్రికల్లో వచ్చే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వేరు. దాని పెంపకం మన దేశంలో నిషేధం. రెడ్‌టెయిల్‌ది పెద్దింటి వంశం. నేరచరిత్ర లేదు, ఆకలి మాత్రం ఉంది.

అక్వేరియం దుకాణంలో ఇది వేలెడంతే ఉంటుంది. ఆ సైజులో మీసాలు ఆడిస్తూ తిరుగుతుంటే ముచ్చట పడనివాళ్ళు ఉండరు. పెద్దయ్యాక ఎంతవుతుందని అడిగేవాళ్ళు తక్కువ, అడగకపోయినా చెప్పే దుకాణదారులు ఇంకా తక్కువ. కడుపునిండా పెడితే ఏడాది తిరిగేలోపే అడుగు దాటుతుంది. తర్వాత మీటరు దాటి, 50 కిలోల దాకా తూగగలదు. తోటి చేపలతో సఖ్యంగానే ఉంటుంది, అవి దాని నోట్లో పట్టనంత కాలం. ఆ నోరు ఎంత తెరుచుకుంటుందో యజమాని అంచనా వేసేలోపు పక్క చేపలు కనిపించకుండా పోతాయి. గులకరాళ్ళు, థర్మామీటరు కూడా మింగి చూస్తుంది. నచ్చకపోతే ఒకటి రెండు రోజులకు కక్కేస్తుంది. ఈ విషయంలో మాత్రం మర్యాదస్థురాలే.

గాజుతొట్టె చాలక చేప పెరట్లోకి వస్తుంది. ఆ పెరడు అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉంటే కొలను తవ్వడం పెద్ద పని కాదు, దాన్ని కొలనుగా నిలబెట్టడమే పని. సొనోరా ఎడారిలో ఉన్న ఊరది. ఏడాది మొత్తం మీద పడే వాన 18 సెంటీమీటర్లు. 2023లో జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు పగటి ఎండ 43 డిగ్రీలకు తగ్గలేదు. రామగుండం, రెంటచింతల వాళ్ళు సైతం కుర్చీ దగ్గరకు జరుపుకొని వినాల్సిన లెక్క ఇది.

అమెజాన్ చేపకు వేడి కొత్తా అని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదన సగం నిజం. అడుగున్నర లోతు, నల్ల ప్లాస్టిక్ షీటు, పైన నీడ లేని కొలను జూలైలో 34 డిగ్రీలకు చేరుతుంది. అదే కొలనుకు నాలుగైదు అడుగుల లోతు, పైన నీడపరదా, ఓ పక్క చిన్న జలపాతం ఉంటే నీళ్ళు గాలికన్నా పది డిగ్రీలకు పైగా చల్లగా ఉంటాయి. జలపాతం అందానికని ఇరుగుపొరుగు అనుకుంటారు గానీ అది చేసేది ఎయిర్ కూలర్ పని. అందుకే కూలరుకున్న జబ్బే దానికీ ఉంది. జూన్‌లో గాలి పొడిగా ఉన్నన్నాళ్ళు భేషుగ్గా పనిచేసి, జూలైలో అక్కడి రుతుపవనాల తేమ రాగానే చేతులెత్తేస్తుంది.

అసలు ప్రమాదం ఎండ కాదు, ఊపిరి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 35 డిగ్రీల దగ్గర 7కు పడిపోతుంది. అదే వేడికి చేపకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. సరఫరా తగ్గి గిరాకీ పెరిగితే ఏమవుతుందో ఉల్లిపాయలు కొనే ఎవరికైనా తెలుసు. దానికి తోడు, పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచు రాత్రి తనే దాన్ని వాడేసుకుంటుంది. కాబట్టి గండం మధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున. ఏరేటర్ చప్పుడు ఆగితే నిద్ర లేచే భీమవరం రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఫీనిక్స్ శివారు చాండ్లర్‌లో తెలుగువాళ్ళకు కొదవ లేదు. చెరువుల వైపు నుంచి వచ్చినవాళ్ళెవరైనా పక్కింట ఉంటే యజమానికి ఉచిత సలహా దొరుకుతుంది. అయితే చేపను పులుసు పెడతారా అన్న ప్రశ్న కూడా వెంటే వస్తుంది.

తేమతో పాటు ఆ కాలంలోనే దుమ్ము తుపాన్లు వస్తాయి. స్థానికులు వాటిని హబూబ్ అంటారు. 2011 జూలై 5న వచ్చినది మైలు ఎత్తున గోడ కట్టుకొని ఊరి మీద పడింది. అలాంటి సాయంత్రం కొలనులో పడ్డ మట్టితో వడపోత జాలీ మూసుకుపోతుంది, కరెంటు పోతుంది, పంపు ఆగుతుంది. పెద్ద చేప ఉన్నవాళ్ళు బ్యాటరీతో నడిచే గాలిపంపు కొనేది అందుకే. అది లేనివాళ్ళు అర్ధరాత్రి బకెట్టుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ నిలబడతారు. చేప అడుగున పడుకొని మీసం కూడా కదపదు.

ఆవిరి సంగతి మరో పద్దు. ఆ ఎండకు ఏడాదిలో సుమారు 1.8 మీటర్ల నీరు ఎగిరిపోతుంది. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు కొలనైతే 43,000 లీటర్ల పైమాటే. నీరు పోయినా అందులోని సున్నం ఎక్కడికీ పోదు, అంచుల వెంట తెల్లటి చారగా పేరుకుంటుంది. ఊరి కుళాయి నీరే గట్టి నీరు. అందుకని పైనుంచి పోస్తే చాలదు, పాత నీరు కొంత తీసేస్తుండాలి. పోసే నీటిలో క్లోరిన్ విరుగుడు కలపాలి. తీసిన నీటికి పెరటి నిమ్మచెట్టు మాత్రం కొలనుకు ఋణపడి ఉంటుంది.

ఎండను ఇన్ని తిప్పలతో గెలిచిన యజమానిని దెబ్బకొట్టేది చలి. ఎడారిలో చలేమిటని నవ్వే చుట్టాలు జనవరి రాత్రి ఫీనిక్స్ వచ్చి చూడాలి. ఆ నెల రాత్రి సగటు 8 డిగ్రీలకు లోపే. పైకప్పు లేని కొలను 12 డిగ్రీలకు దిగుతుంది. 20 దాటి కిందికి వస్తేనే రెడ్‌టెయిల్ తిండి మానేస్తుంది. 12 దగ్గర ప్రాణానికే ముప్పు. కాబట్టి వేసవిలో చల్లబరచడానికి కట్టిన బిల్లుకు చలికాలంలో వేడిచేసే బిల్లు తోడవుతుంది. గ్రీన్‌హౌస్ కప్పు వేసి, గ్యాసు హీటరు పెట్టి, చేపను అమెజాన్‌లో ఉన్నట్టు నమ్మించాలి.

ఇంత బాధ లేకుండా అమెరికా సొంత చేప చానెల్ క్యాట్‌ఫిష్ పెంచుకోవచ్చు. చలికి చావదు, 33 డిగ్రీలకు జడవదు. ఫీనిక్స్ పార్కుల చెరువుల్లో అరిజోనా వన్యప్రాణి శాఖ వదిలేది దాన్నే. దానికి ఎర్రతోక లేదు, అదొక్కటే లోపం. కానీ రెడ్‌టెయిల్ కొన్నవాళ్ళకు చూపించుకోవాల్సింది ఆ తోకే.

రెడ్‌టెయిల్ పదిహేనేళ్ళకు పైగా బతుకుతుంది. మధ్యలో విసుగొస్తే చెరువులో వదలడం నేరం. పెద్ద అక్వేరియాలకు ఫోన్ చేస్తే, ఇలాంటి ఫోన్లు చాలా వచ్చాయని మర్యాదగా చెప్పి పెట్టేస్తారు. ఇక మిగిలింది ఇల్లు అమ్మేటప్పుడు చేపతో సహా అమ్మడం. కొలనుకు ధర కలుపుదామని యజమాని అనుకుంటాడు. కొనేవాళ్ళు చేపకు ఎంత తగ్గిస్తారని అడుగుతారు.