అరుగు మీది భారతము

చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను వెలువరించుచు మిత్రలాభమనియు మిత్రభేదమనియు రెండు భాగములు రచించెనే కాని, మనుష్యుడు తన జీవితాశయమును మిత్రులయెదుట వెల్లడించినపుడు కలుగు ఫలము ఈ రెంటిలో దేని క్రింద చేరునో చెప్పక విడిచెను. లాభమనుటకు నోరాడదు, భేదమనుటకు మనసొప్పదు.

నా ఆశయము దురాశ కాదు. కవిత్రయభారతమును ఆదిపర్వము మొదలుకొని స్వర్గారోహణపర్వము వఱకు, ఒక్క పద్యమైనను దాటవేయక, అర్థము తెలిసికొనుచు చదువవలెననునదియే. అర్ధరాజ్యము కోరలేదు, అయిదూళ్లును కోరలేదు. దీపములు పెట్టిన వేళ మొదలు భోజనమునకు పిలుపు వచ్చుదాక మా వీథియరుగు మీద ఒక చాప, ఒక లాంతరు, ఒక పుస్తకము చాలునంటిని. సూదిమొన మోపినంత చోటును ఈయనన్న దుర్యోధనునికంటె నా మిత్రులు ఉదారులని నమ్మియుంటిని గాని, ప్రతి సాయంకాలమును వారు మువ్వురును వచ్చి ఆసీనులైన పిమ్మట ఆ చాపమీద నాకు మిగులు చోటు సరిగా దుర్యోధనుని కొలతకే వచ్చుచుండెను.

వారిలో లెక్కల మాస్టారికి ఏ గ్రంథమును చూచినను చదువుటకు ముందు లెక్కించుట స్వభావము. రాత్రికి ఇన్ని పద్యములని వేసి, అందులో పండుగలును, చుట్టముల రాకపోకలును, తాము కూర్చుండు కాలమును తీసివేసి, నా వయస్సును కూడి, నేను స్వర్గారోహణపర్వమును చేరుటకు ముందే ఆ పర్వము నన్ను చేరునని ఆయన సుద్దముక్కతో అరుగుమీదనే నిరూపించెను. ఆ లెక్క తుడుచుటకు నా భార్యకు మఱునాడు పేడనీళ్లు అవసరమయ్యెను.

ప్లీడరు మిత్రుని అభ్యంతరము వేఱు. "మహానుభావా! ఆరణ్యపర్వం జోలికి పోకండి. నన్నయగారంతటివాడు అక్కడే ఆగిపోయాడు. తిక్కనగారు లోకం తెలిసినవాడు కనక దాన్ని తప్పించి విరాటం నుంచి అందుకున్నాడు. ఇంతకంటె రూలింగు ఏం కావాలి మీకు?" అనెను. సరే, విరాటముతోనే ఆరంభింతునంటిని. అంతట పెంకుటింటి మిత్రుడు అదరిపడెను. "విరాటపర్వమా! అది చదివితే వాన కురుస్తుందంటారే! మా ఇంటి పెంకు ఇంకా నేయించలేదు. కాస్త ఆగుదురూ!" అని చేతులు పట్టుకొనెను. అప్పటికి రోహిణి కార్తె. వాన కురియనిచో నా పఠనమునకు అవమానము; కురిసినచో స్నేహమునకు భంగము. తుదకు ఉద్యోగపర్వము నిరపాయకరమని అందఱును అంగీకరించిరి. సంధి పొసగని కథ గల ఆ పర్వముమీదనే మా సంధి కుదిరినది. అది కుదురుసరికి భోజనమునకు పిలుపు వచ్చినది.

మా రాజమహేంద్రవరముననే, ఈ గోదావరి యొడ్డుననే, నన్నయకును ఒక మిత్రుడుండెను. భారతయుద్ధమున అర్జునునకు నారాయణుడు తోడైనట్లు తన రచనకు నారాయణభట్టు తోడయ్యెనని నన్నయయే చెప్పుకొనెను. ఆ నారాయణభట్టునకు రాజరాజనరేంద్రుడు నందంపూడి గ్రామమును అగ్రహారముగా ఇచ్చెను, క్రీ.శ. 1053 నాటి ఆ శాసనమును రచించినవాడును నన్నయయే. నేనీ కథ నెత్తి, స్నేహమనగా ఎట్టిదో వీరికి తెలియవలెనని గొంతు తడియార్చుకొని చెప్పగా, ప్లీడరు సావధానముగా విని, "అగ్రహారం మాట అటుంచండి, ఇవాళ కాఫీలో చిక్కదనం తగ్గింది" అనెను. ఐనను నా యూహ యేమన, ఆ నారాయణభట్టు మాత్రము ప్రతి సాయంకాలమును వ్యాకరణమే మాటలాడెనా? నన్నయ గంటమెత్తిన వేళ ప్రక్కను కూర్చుండి గోదావరికి వరద ఎంత వచ్చెనో ముచ్చటింపకపోవునా? అట్టివి రాగిరేకులమీద చెక్కరు.

ఇట్లుండగా నన్నయ ఏ పద్యముకడ ఆగెనో స్వయముగా చూచి తన రూలింగును బలపఱచుకొందునని ప్లీడరు నా ఆరణ్యపర్వపు సంపుటమును తీసికొనిపోయెను. అది అజ్ఞాతవాసమునకే వెడలెను. అడుగుదమా యన్నను జంకు గలిగెను. అజ్ఞాతవాసమున కనుగొనబడినచో మరల పండ్రెండేండ్లు అడవియే యని జూదపు నియమము గదా! తరువాత తెలియవచ్చినదేమన, ఆయన శరద్రాత్రుల వర్ణనముకడ నన్నయ నిలిచిపోవుట చూచి, ఎఱ్ఱన ఆ శరత్తునే అందుకొనిన విధమునకు ముచ్చటపడి, రాజరాజనరేంద్రునికే అంకితముగా శేషమును పూరించిన ఆ కవి సౌజన్యమునకు కరగి, పుస్తకము మూయలేక ముందుకు సాగెనట. ఆపైన ఒక్కొక్క సంపుటమే మా యింటినుండి ఆయన యింటికి ప్రయాణమయ్యెను. ఆయన విరాటము చదివిన వారముననే వాన కురిసెను. పెంకుటింటి మిత్రుడు మాత్రము నాతో మాటలు మానెను.

ఇప్పుడు ప్లీడరు శాంతిపర్వమున ఉన్నాడు. నేను సభాపర్వము దాటలేదు. దాటుటకు పుస్తకము లేదు. ప్రతి సాయంకాలమును ఆయన నా యరుగుమీదనే కూర్చుండి, నా కాఫీ త్రాగుచు, భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన రాజధర్మములను నాకు బోధించుచున్నాడు, బాగుగనే చెప్పును. కావున పాఠకులారా, మీ ఆశయమును మిత్రులతో నిస్సంకోచముగా చెప్పుకొనుడు గాని, పుస్తకములు మాత్రము రెండేసి ప్రతులు కొనుడు.