స్వల్ప చీలికకు సంజీవనీ వ్యాఖ్య

మూలం: “షవరు గోడయందు గమనింపబడిన స్వల్ప చీలిక ఉపరితల సంబంధమైనదే గాని నిర్మాణ లోపము కానందున, తగు సమయమున తగు విధముగా సరిచేయబడును.”

అవతారిక: ఈ వాక్యం ఏ ఒక్కరి రచనా కాదు, హైదరాబాదు మదీనాగూడ అపార్టుమెంట్లలో లిఫ్టు పక్కన అతికించే నోటీసుల బాణీలో కూర్చినది. అలాంటి నోటీసుల్లో రాసినవారి పేరు కనిపించదు కాబట్టి, వేదాల తరవాత అపౌరుషేయమని చెప్పుకోదగ్గ వాఙ్మయం ఇదొక్కటే. ఇక్కడి బాత్రూములకు ఎక్కువగా టైల్సే ఉంటాయి, ఫైబర్‌గ్లాస్ షవరు గోడలు అక్కడక్కడే. గోడ ఏదైనా నోటీసు మారదు. ప్రతిపదార్థం రాయను, ఈఎంఐ కట్టేవారికి ‘స్వల్ప’ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చిక్కల్లా అన్వయంతోనే.

అన్వయం అనగానే కోలాచల మల్లినాథసూరి తలపుకు రావలసిందే. ఆయన పరాయివాడు కాదు, ఆయనది మెదక్ జిల్లా కొల్చారమని ప్రసిద్ధి. కాళిదాసు కావ్యాలకు ఆయన వ్యాఖ్య సంజీవని. దుర్వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికి పెట్టిన పేరది. భారవికి ఘంటాపథం, మాఘునికి సర్వంకష, శ్రీహర్షునికి జీవాతువు. అన్వయం వెంట నడవడం, మూలంలో లేనిది రాయకపోవడం, అక్కర్లేనిది చెప్పకపోవడం ఆయన వ్రతం. (ఈ పేరా మొత్తం ఆ వ్రతానికి భంగమే, కానీ ఆపబుద్ధి కావడం లేదు.) వేదం వేంకటరాయశాస్త్రిగారు ఆముక్తమాల్యదకు రాసిన వ్యాఖ్యకూ సంజీవని అనే పేరు పెట్టారు. ఆ కావ్యంలో వానాకాలపు సంసారాల పాట్లు చదవండి: నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగడం, తెచ్చిన నిప్పు రాజుకోకపోవడం, ఇల్లంతా పొగ. తడికి ఎవరు బాధపడుతున్నారో, పని ఎవరి నెత్తిన పడిందో రాయలు దాచలేదు. మన నోటీసులో ఆ సంగతే కరువు. ‘సరిచేయబడును’ అన్నారు, ఎవరిచేత? కర్తను అధ్యాహారం చేసుకోవాలి. బిల్డరు అనుకుంటే అసోసియేషన్ వైపు చూపిస్తారు, అసోసియేషన్ అనుకుంటే ఓనరు వైపు. ఈలోగా కింది ఫ్లాటు సీలింగు తడిసి పెచ్చులూడితే, ఆ ఫ్లాటువారే కర్త, కర్మ, క్రియ.

ఇక ‘ఉపరితల సంబంధమైనదే’ అన్న మాట. ఇది నిజమే కావచ్చు. కాని నొక్కి చూడకుండా ఎలా చెప్పారన్నదే ప్రశ్న. ఫైబర్‌గ్లాస్ గోడకు పైన కనిపించే నున్నటి పొర జెల్‌కోటు. దాని వెనక రెసిన్‌లో తడిపిన గాజునార. చీలిక పక్కన బొటనవేలితో నొక్కితే గోడ లోపలికి దిగి చీలిక విచ్చుకుంటోందా, వెనక ఆధారం లేదన్నమాట. ఒక బిందువు నుంచి నలువైపులా గీతలు పాకితే సాధారణంగా అది దెబ్బ తగిలిన గుర్తు. వాడినవారి ఖాతాలో వేయవచ్చు, న్యాయమే. మూలలో ఒకే గీత సన్నగా సాగితే అమర్చినవారినే అడగాలి. ‘తగు విధము’ కూడా రహస్యమేమీ కాదు: చీలిక రెండు కొసల్లో సన్నని రంధ్రాలు వేసి పాకకుండా ఆపాలి, వెనక ఖాళీ నింపాలి, అంచులు గీకి అసిటోన్‌తో తుడవాలి, హార్డెనర్ కలిపిన రెసిన్‌తో గాజునార అతికించాలి, గట్టిపడ్డాక వాటర్ పేపరుతో రుద్ది జెల్‌కోటు పూయాలి. జరిగేది మాత్రం పైన ఇంత సిలికాన్ పూసి వెళ్లడం. వెనక గోడ ఊగుతూనే ఉంటుంది కాబట్టి గీత మళ్లీ తేలుతుంది, నీళ్లు లోపలికి దిగుతూనే ఉంటాయి, నోటీసు మళ్లీ పడుతుంది.

‘నోటీసంటే క్లుప్తంగా ఉండాలి, ఇంత రాద్ధాంతమేమిటి?’ అని పూర్వపక్షం. ఒక పేరు, ఒక తేదీ రాయడానికి ‘తగు సమయమున తగు విధముగా’ కన్నా తక్కువ చోటు పడుతుంది. ఇంకో పూర్వపక్షం ఘనమైనది: ‘నిర్మాణ లోపం కాదు, కాబట్టి బాధ్యత మాది కాదు.’ మూలంలోని గాంభీర్యమంతా ఈ మాట చాటునే దాక్కుంది, పస లేనిదీ ఇదే. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షను మూడో ఉపవిభాగం నిర్మాణ లోపాలతో ఆగలేదు. పనితనంలో, నాణ్యతలో లోపాలనూ పక్కనే చేర్చింది. ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్లలోపు అలాంటి లోపం బిల్డరు దృష్టికి తెస్తే, అదనంగా పైసా అడక్కుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారానికి హక్కుంది. 2017 జనవరి 1కి ముందు అనుమతి పొందిన ప్రాజెక్టులకు తెలంగాణ నియమాలు మినహాయింపు ఇచ్చాయి, ఆ పాత కట్టడాలవారికి ఈ దారి లేదు. మిగతావారు ‘స్వల్ప’మా ‘ఉపరితల’మా అన్న చర్చలోకి దిగకుండా ముందు స్వాధీనపత్రం మీద తేదీ చూసుకోండి. 5 ఏళ్లు దాటకపోతే చీలిక ఫొటో జతచేసి బిల్డరు పేరునే లేఖ రాయండి. కింద మీ పేరు, తేదీ వేయడం మరవకండి.