ఒకే ఉండలోని తెల్ల ఉన్ని

వంటింటి తలుపు వెనక గోడకు ఒక మేకు ఉంది. నేను దానికి వేలాడబట్టి యాభై ఏళ్లు దాటింది. నేను ఉన్ని కండువాను. ముదురు నీలం పట్టీ, తెల్ల పట్టీ, మళ్లీ నీలం, మళ్లీ తెలుపు. రెండు కొసలా కుచ్చులు. మెల్‌బోర్న్ నగరంలో ఈ రంగులు మెడలో వేసుకుని వెళ్తుంటే ఎవరూ ఏమీ అడగరు. కార్ల్‌టన్ మనిషి అని దూరం నుంచే తెలిసిపోతుంది.

1970 చలికాలంలో అమ్మమ్మ నన్ను అల్లింది. ఆమె ఇటలీ నుంచి ఓడలో వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన మనిషి. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఆమెకు సరిగ్గా తెలియదు. అల్లుడూ కొడుకూ దానికోసం గొంతులు చించుకుంటారని మాత్రం తెలుసు. అల్లుడు కార్ల్‌టన్ పేటలో పుట్టి పెరిగాడు కాబట్టి కార్ల్‌టన్ పక్షం. కొడుకు కాలింగ్‌వుడ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు కాబట్టి ఆ పేట జట్టే అతనిది. ఆ రోజుల్లో మనిషి జట్టును ఎంచుకునేవాడు కాదు, ఏ వీధి నీళ్లు తాగితే ఆ వీధి జట్టు అతన్ని తీసుకునేది. రెండు పేటల మధ్య తీరిగ్గా నడిచినా అరగంట దూరం. ఇరుగుపొరుగు పంతం కాబట్టే అంత పట్టింపు.

నన్ను అల్లడం అయ్యాక అమ్మమ్మ సూదులు కింద పెట్టలేదు. మిగిలిన తెల్ల ఉన్నికి నల్ల ఉన్ని కలిపి కొడుక్కి ఇంకో కండువా మొదలుపెట్టింది. నలుపు తెలుపు కాలింగ్‌వుడ్ రంగులు. అందుకే ఆ జట్టును మాగ్‌పైలంటారు, అదే రంగుల పక్షి పేరు మీద. అలా నాకు ఒక తోడబుట్టువు పుట్టింది. నా నీలం వేరు, దాని నలుపు వేరు. మా ఇద్దరి తెలుపు మాత్రం ఒకే ఉండలోది.

నేను ఇంటి పాప మెడలోకి వెళ్లాను. ఆమెకు అప్పుడు పదేళ్లు.

ఆ ఏడాది సెప్టెంబరు 26న, శనివారం, గ్రాండ్ ఫైనల్ జరిగింది. 12 జట్ల విక్టోరియా లీగులో చివరికి మిగిలినవి రెండు. కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్. వేదిక మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. ఆ మైదానం మీకు కొత్తది కాదు. 2024 డిసెంబరులో విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ కొడితే, స్టాండులో కూర్చున్న తండ్రి కన్నీళ్లు ఆపుకోలేకపోయింది అక్కడే. ఎండాకాలం ఆ పచ్చిక క్రికెట్‌ది, చలికాలం ఫుట్‌బాల్‌ది.

ఈ ఫుట్‌బాల్ మీరు టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. పక్షానికి 18 మంది. నాలుగు పావుభాగాల ఆట. రెండు చివరలా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండిటి మధ్యగా తన్నితే గోల్, 6 పాయింట్లు. గురి కాస్త తప్పి పక్క సందులోంచి పోతే బిహైండ్, 1 పాయింటు. బంతిని విసరకూడదు. ఒక అరచేతిలో పట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది తోటి ఆటగాడికి అందించాలి. అదే హ్యాండ్‌బాల్. తన్నిన బంతిని గాలిలోనే ఒడిసి పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. పట్టినవాడికి తీరిగ్గా తన్నే హక్కు వస్తుంది. ఆ మార్క్ కోసం ఆటగాళ్లు ఎదుటివాడి వీపును, భుజాలను మెట్లు చేసుకుని పైకి లేస్తారు.

ఆ రోజు మైదానంలో 1,21,696 మంది ఉన్నారు. ఈ ఆటకు అంత జనం అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పాప నాన్న భుజాల మీద కూర్చుంది. నేను ఆమె మెడలో ఉన్నాను. మావయ్య తన ఫ్యాక్టరీ వాళ్లతో అవతలి పక్క ఎక్కడో ఉన్నాడు.

మొదటి పావుభాగం అయ్యేసరికి మాకు ఒక్క గోల్ కూడా లేదు. పాప నా కుచ్చును నోట్లో పెట్టుకుని నమలసాగింది. రెండో పావుభాగంలో ఒక్కసారి మాత్రం ఆ కుచ్చు వదిలేసింది. మా అలెక్స్ జెసాలెంకో, కాలింగ్‌వుడ్ ఆజానుబాహువు గ్రేమ్ జెన్కిన్ వెనక నుంచి లేచి, అతని భుజం మీదకెక్కి గాలిలో బంతిని పట్టాడు. ఒక్క క్షణం ఇరుపక్షాల జనమూ ఒకే గొంతుతో అరిచారు. జెసాలెంకో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో ఉక్రెయిన్ తండ్రికీ రష్యా తల్లికీ పుట్టి, చిన్నతనంలోనే ఈ దేశం వచ్చిన వలసబిడ్డ. ఇప్పుడు ఏటా లీగులో అత్యుత్తమ మార్క్ పట్టినవాడికి అతని పేరు మీదే పతకం ఇస్తున్నారు.

అంత గొప్ప మార్క్ కూడా స్కోరును తిప్పలేకపోయింది. సగం ఆటకు కాలింగ్‌వుడ్ 73, మేము 29. నలభై నాలుగు పాయింట్లు వెనక. నాన్న ఏమీ మాట్లాడలేదు. పాప కన్నీళ్లు నా తెల్ల పట్టీలోకి ఇంకాయి. ఉన్ని కన్నీళ్లను త్వరగా పీల్చుకుంటుంది, ఆరడానికి మాత్రం చాలాసేపు పడుతుంది.

విరామంలో మా కోచ్ రాన్ బరాసీ ఆటగాళ్లకు చెప్పిన మాటను మెల్‌బోర్న్‌లో ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. ఏం జరిగినా సరే హ్యాండ్‌బాల్ ఆడండి, బంతిని ఆపకుండా నడిపించండి అన్నాడు. బెంచీ మీది టెడ్ హాప్కిన్స్‌ను బరిలోకి దింపాడు. అప్పటి నియమం ప్రకారం ఒకసారి బయటికొచ్చిన ఆటగాడు తిరిగి వెళ్లకూడదు, కాబట్టి ఆ మార్పు వెనక్కి తీసుకోలేని పందెం. హాప్కిన్స్ నాలుగు గోల్స్ కొట్టాడు. మూడో పావుభాగంలో మా జట్టు ఎనిమిది గోల్స్ చేసింది, ఒక్కటి కూడా పక్కకు పోలేదు. పాప నన్ను మెడలోంచి తీసి గాల్లో తిప్పుతూనే ఉంది. చివరి పావుభాగానికి 17 పాయింట్ల దూరం మిగిలింది. ఆ దూరమూ కరిగింది. ఆఖర్లో జెసాలెంకో తన్నిన బంతి కాపలా లేని గోల్ వైపు గెంతుకుంటూ పోయి లోపల పడింది. కార్ల్‌టన్ 111, కాలింగ్‌వుడ్ 101. మా పదో టైటిల్.

ఇదంతా పుస్తకాల్లో ఉంది. నా కథ అసలు మొదలయ్యేది ఆ రాత్రి, వంటింట్లో.

ఇల్లు చేరేసరికి అమ్మమ్మ బల్ల మీద కంచాలు పెడుతోంది. ఒక కంచం ఎక్కువ పెట్టింది. "వాడు ఈ రాత్రికి రాడు అత్తయ్యా" అన్నాడు నాన్న. ఆమె కంచం తీయలేదు. ఆ కాలంలో ఫైనల్‌ను మెల్‌బోర్న్‌లో టీవీలో ప్రత్యక్షంగా చూపేవారు కాదు, రాత్రికి మళ్లీ వేసేవారు. ఫలితం తెలిసి కూడా ఇంట్లో అందరూ నలుపు తెలుపు బొమ్మ ముందు కూర్చున్నారు. నాన్న ప్రతి గోల్‌కూ "చూడండి, చూడండి" అంటున్నాడు. అందరూ చూసినవాళ్లే. ఆయన మాట ఎవరికీ తగలకుండా గదిలో తిరిగి మళ్లీ ఆయన దగ్గరికే వస్తోంది.

అప్పుడు తలుపు చప్పుడైంది. మావయ్య లోపలికొచ్చి తన కండువా తీసి నేనున్న మేకుకే తగిలించాడు. అది నా మీద పడింది. పొద్దుటి నుంచి అది కూడా తడిసినట్టుంది. ఇద్దరం ఒకరినొకరు ఆనుకుని వేలాడాం.

మావయ్య రెండు ముద్దలు తిన్నాక నోరు విప్పాడు.

"బావా, 31 సార్లు స్కోరు చేశాం మేము. మీరు 26 సార్లే. బంతి ఎవరి దగ్గర ఎక్కువ ఉందో నువ్వే చెప్పు."

నాన్న ముఖం వెలిగింది. సాయంత్రం నుంచి ఆయన వెతుక్కుంటున్నది ఈ గొంతునే. "31లో 17 పక్కకే పోయాయి కదరా. గురి లేని తన్ను ఎన్నిసార్లు తన్నితే ఏం?"

"మెకెన్నాకు దెబ్బ తగలకపోయి ఉంటే?"

పీటర్ మెకెన్నా వాళ్ల గోల్స్ వీరుడు. దెబ్బ తిన్నా ఆ రోజు ఆరు గోల్స్ చేశాడు. అతన్ని ఢీకొన్నది సొంత జట్టు మనిషే, డెస్ టడ్డెన్‌హామ్.

"గుద్దింది మావాడు కాదుగా" అన్నాడు నాన్న.

"అదే కదా బావా నా కడుపుమంట" అన్నాడు మావయ్య. ఆ మాటకు ఆయన గొంతు పూడుకుపోయింది. నాన్న ఇంకేమీ అనకుండా ఆయన గ్లాసు నింపాడు.

పాప ఊరుకోలేదు. "మావయ్యా, జెసాలెంకో పట్టిన మార్క్ చూశావా? ఇంత ఎత్తు" అంటూ కుర్చీ మీద నిలబడి చెయ్యెత్తింది.

మావయ్య లేచాడు. "ఇంత కాదు, నీకు సరిగ్గా కనపడలేదు. నేను ఆ పక్కనే ఉన్నాను." మేకు మీది కండువాలు రెండూ తీసి, తనది తన మెడలో, నన్ను పాప మెడలో వేశాడు. పాపను అమాంతం ఎత్తి భుజం మీద నిలబెట్టుకున్నాడు. "ఇప్పుడు చెయ్యెత్తు. ఆ బల్బు అందుకో. ఆ... అంత ఎత్తు!" కాలింగ్‌వుడ్ భుజం మీద కార్ల్‌టన్ పిల్ల. నా కుచ్చులు ఆయన నలుపు తెలుపు మీదికి జారి ఊగుతున్నాయి. ఓడినవాడు తన ఓటమిలోని అందమైన ఘట్టాన్ని తన భుజాల మీదే ఆడి చూపించాడు. అమ్మమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

గెలుపు మైదానంలో పుడుతుంది, నిజమే. పెరిగేది మాత్రం ఇలాంటి బల్లల దగ్గర. దానికి తిండి పెట్టేది ఓడినవాడు. కాదనేవాడు, లెక్కలు తీసేవాడు, తన గుండెకోతను దాచకుండా ఎదురుగా కూర్చునేవాడు ఉంటేనే గెలుపు కథకు ప్రాణం. ఈ సంగతి నాకు ఆ రాత్రి తెలిసింది.

ఆ తర్వాత 1979లో 5 పాయింట్లతో, 1981లో 20 పాయింట్లతో మళ్లీ కాలింగ్‌వుడ్‌నే ఓడించి టైటిల్ గెలిచాం. రెండుసార్లూ అమ్మమ్మ కంచం పెట్టింది, రెండుసార్లూ మావయ్య వచ్చాడు. కొత్త గెలుపు గురించి పావుగంట మాట్లాడి, మాట మెల్లగా 1970కి చేరేది. 1990లో, 32 ఏళ్ల నిరీక్షణ తర్వాత, కాలింగ్‌వుడ్ ఎసెండన్‌ను ఓడించి టైటిల్ గెలిచింది. ఆ రాత్రి పాప నన్ను మెడలో వేసుకుని మావయ్య ఇంటికి వెళ్లింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్లు. మావయ్య తలుపు తీసి, నా రంగులు చూసి, ఆమెను దగ్గరికి తీసుకుని ఏడ్చాడు. ఆయన ఎన్నాళ్లుగానో దాచుకున్న కన్నీళ్లు కూడా నా తెల్ల పట్టీకే వచ్చాయి.

కొన్నేళ్లకు అమ్మమ్మ పోయింది, నాన్న పోయాడు, మావయ్యా పోయాడు. ఆయన కండువా మా ఇంటికి వచ్చి నా మేకుకే చేరింది. ఆనాటి పాప దగ్గరికి కార్ల్‌టన్ స్నేహితులు వచ్చినప్పుడు 1970 కథ వచ్చేది. అందరూ అవునవును అనేవారు. రెండు నిమిషాల్లో కథ అయిపోయేది. మా జట్టు చివరిసారి టైటిల్ గెలిచింది 1995లో. కొత్త గెలుపు లేదు, పాత గెలుపును కాదనేవాడు లేడు.

2023 సెప్టెంబరులో రాన్ బరాసీ కన్నుమూశాడు. అదే నెలాఖరున కాలింగ్‌వుడ్ 4 పాయింట్లతో బ్రిస్బేన్‌ను ఓడించి 16వ టైటిల్ గెలిచింది. అంతవరకు ఆ అంకెలో మేమే ముందుండేవాళ్లం, ఇప్పుడు సమానం. ఆ సాయంత్రం ఆమె మనవరాలు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి మేకు మీద చెయ్యి వేసింది. తొమ్మిదేళ్ల పిల్ల. క్లాసులో స్నేహితులందరూ మాగ్‌పైలేనట. ఆ చిన్న చెయ్యి నన్ను దాటి నలుపు తెలుపు కండువాను పట్టుకుంది.

ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత తానే ఆ కండువాను పిల్ల మెడ చుట్టూ సర్ది కట్టింది. "అయితే ఒక సంగతి తెలుసుకోవాలి నువ్వు. 1970లో మీవాళ్లు 44 పాయింట్ల ముందుండి..." అని మొదలుపెట్టి, సొరుగులోంచి పసుపెక్కిన పేపరు ముక్క తీసి స్కోరు చూపించింది. 17 గోల్స్ 9 బిహైండ్లు, 14 గోల్స్ 17 బిహైండ్లు.

పిల్ల వేలు పెట్టి చాలాసేపు చూసింది. పెదవులు కదుపుతూ కూడింది.

"అమ్మమ్మా, పద్నాలుగూ పదిహేడూ 31. మీది 26. మేమే కదా ఎక్కువసార్లు స్కోరు చేసింది!"

ఆమె చేతిలో పేపరు వణికింది. ఈ మాట పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఆమె కుర్చీ లాక్కుని పిల్లకు ఎదురుగా కూర్చుంది. నన్ను మేకు మీంచి తీసి తన మెడలో వేసుకుంది. గొంతు సవరించుకుని, అచ్చం నాన్నలాగే అంది:

"31లో 17 పక్కకే పోయాయి కదే."

బల్లకు అటు నలుపు, ఇటు నీలం. నడుమ అమ్మమ్మ సూదులు అల్లిన తెలుపు, ఒకే ఉండలోది, రెండు మెడల్లోనూ ఉంది. ఆ రాత్రి అన్నం చల్లారిపోయింది. మాట మాత్రం చల్లారలేదు.