దయగల దండన

1998 మే 11, 13 తేదీలలో పోఖరాను మరుభూమి గర్భమున అణ్వస్త్రములు ప్రేలిన పిమ్మట, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ 1994 నాటి గ్లెన్ సవరణను చేతబూని మన దేశముపై ఆంక్షలు విధించెను. జపాను కొత్త ఋణములను బిగబట్టెను. ఇక పస్తులే గతియని పత్రికలు బెంగటిల్లెను.

అయినను అగ్రరాజ్యముల ఆగ్రహమున కరుణారస మెంతటిదో తెలియుటకు రెండు నెలలైనను పట్టలేదు. మౌలికావసరములకు ఆంక్షలు వర్తింపవను ధర్మసూక్ష్మము చొప్పున, జూన్ 25న ప్రపంచబ్యాంకు మన ఆంధ్రప్రదేశమునకే 54 కోట్ల డాలర్లకు పైబడిన ఋణము మంజూరు చేసెను. అంతలో మే 28న తానును పరీక్షలు జరిపిన పాకిస్తానము గోదుమలు కొనుట మానునేమోయని వాషింగ్టన్ రాష్ట్రపు రైతులు గగ్గోలుపెట్టగా, సెనేటులో ఒక్క వ్యతిరేకపు ఓటైనను పడకుండ, జూలై 14 నాటికి గోదుమల ఎగుమతికిచ్చు ఋణపూచీలకు ఆంక్షలనుండి విముక్తి లభించెను. అణ్వస్త్రము మహాపరాధమేకాని, అమ్మకము చెడుట అంతకుమించిన అపరాధమని తేలినది.

ఆంక్షలనగా నేమో పరకాల పత్తిరైతు నడుగవలెను. ఆ వెనుకటి కారుననే, లద్దెపురుగు చేలను నమలి, మందులకు పురుగు చావక, వరంగల్ జిల్లాలో అప్పులపాలైన రైతులే ఆ మందు త్రాగి చచ్చిన కాలమున, అడ్తిదారు ఖాతా మూసివేసెను. ఆతడు ఏ సవరణను ఉదాహరింపలేదు. మౌలికావసరములని మినహాయింపును చూపలేదు. రైతు చేసిన నేరమెల్ల పంట పండకపోవుటయే. మరల మృగశిర కార్తె రాగానే ఆతడును దయదలచెను: పాతబాకీ వడ్డీతో అసలులో కలిపి, రాబోవు పత్తి తన కాంటాకే తేవలెనని మాట పుచ్చుకొని, విత్తనములు అప్పిచ్చెను.

అమెరికాకు మన ఉపఖండముతో పనిబడిన 2001 సెప్టెంబరు 22న, అధ్యక్షుడు బుష్ ఇరుదేశములపై ఆ ఆంక్షలను ఎత్తివేసెను. అందుకు మనమొక్క బాంబునైనను విప్పలేదు, అపరాధవడ్డీ చెల్లింపలేదు, ఏ కాంటాకును కట్టుబడలేదు. కావున దండన తప్పదని ఎరిగియు సాహసింపదలచిన బుద్ధిమంతునకు, పరకాలలో పత్తి వేయుటకంటె పోఖరానులో బాంబు ప్రేల్చుటయే శ్రేయస్కరము.