సరుకుల చీటికి టీకా తాత్పర్యము

మూలము:
"కుంకుడుకాయలు అర కిలో. సీకాయ పావు. పెసలు ఒక కిలో. కస్తూరి పసుపు కొంచెం. పసుపుసంచి తీసుకుపోవాల. షాంపూ పాకెట్లు ఆరు."

అవతారిక: హోసూరు పట్టణమున, చంద్రచూడేశ్వరస్వామి కొండ కనుచూపుమేరలోనున్న యొక తెలుగింట, వీథిలో తమిళమును, సంతలో కన్నడమును, వంటయింట తెలుగును పలుకు గృహిణి క్యాలెండరు కాగితపు వెనుకతట్టున వ్రాసి భర్తచేతికిచ్చిన యీ చీటి, పైకి సులభముగాఁ దోఁచినను, లోనికి దిగినవారిని మూఁడుచెఱువుల నీళ్లు త్రాగించునది గావున, దీనికి టీక వ్రాయఁబూనితిమి. ఇకమీఁద ఇల్లంతయు ప్రకృతిమార్గమున నడువవలయునని గృహస్థుఁడు ఉగాదినాఁడు చేసిన ప్రతిజ్ఞయే దీనికి సందర్భము.

కుంకుడుకాయలు: అనఁగా కాయలు మాత్రమే కావు. గడపమీఁద రాతితో నొక్కొక్కదానిని చితుకఁగొట్టి, నల్లని గింజను ఏఱి పాఱవైచి, జిగట పెచ్చును రాత్రి వేడినీళ్లలో నానవేసి, తెల్లవాఱినపిదప పిసికి, పాతగుడ్డలో వడియఁగట్టి, కన్నులు గట్టిగా మూసికొని తలకుఁ బోసికొనుటవఱకుఁ గల కర్మకలాపమంతయు నీ యొక్క మాటలో నిమిడియున్నది. నురుగునకుఁ గారణము పెచ్చునందలి సపోనిను. ప్రకృతిసిద్ధమైనది గావున నిరపాయమని కొందఱు తొందరపడి వ్యాఖ్యానించిరి. అది సాధువు గాదు, ఏలయన నిలువనీటిలో నీ రసమునే కలిపి చేఁపలను మత్తిల్లఁజేసి పట్టు నాచారము కలదు. ఒక్క చుక్క కంటఁబడిన బాలురకు వేఱు ప్రమాణ మక్కఱలేదు.

సీకాయ, పెసలు, కస్తూరి పసుపు: సుబోధములు. మొదటిది తలకు, రెండవది సున్నిపిండికి, మూఁడవది ముఖమునకు. వంటపసుపువలె మొగమున పచ్చదనము నిలుపకుండుట దీని గుణము. నాటుమందుల అంగడిలో దొరకును.

పసుపుసంచి: తమిళనాట ఒకమాఱు వాడి పాఱవైచు 14 రకముల ప్లాస్టిక్కు వస్తువులు 2019 జనవరి 1 నుండి నిషిద్ధములు. 2021 డిసెంబరులో ప్రభుత్వము 'మీండుం మంజప్పై' యను పేర పసుపు గుడ్డసంచిని మరల ప్రజల చేతికిచ్చుటకు ఉద్యమించినది. అంతకుఁ బూర్వ మీ సంచి పట్టుకొని బస్సు దిగినవానిని పట్టణవాసులు పల్లెటూరివాఁడని నవ్వెడివారు. నవ్వినవారే నేఁడు దానిని చంకకుఁ దగిలించుకొని తిరుగుచున్నారు. ఈ యింటి సంచి పెండ్లిలో పంచిపెట్టఁగా మిగిలినది. ముహూర్తమును, మండపము పేరును, వధూవరుల నామములును దానిపై అచ్చైయుండఁగా, పలుమాఱు ఉదుకుటచే వరుని పేరు వెలిసిపోయినది. వధువు పేరు నిలిచినది. ఇందుండి ధ్వని తీయవచ్చునుగాని గ్రంథవిస్తరభీతిచే మానితిమి.

షాంపూ పాకెట్లు ఆరు: ఇచ్చటనే చిక్కు. కుంకుడుకాయలతో నుపక్రమించిన గ్రంథము షాంపూతో నుపసంహరింపఁబడు టెట్లు? ఇది ప్రక్షిప్తమని, కాలేజీ చదువు ముగించి ఉద్యోగమునఁ జేరిన కూఁతురు చొప్పించినదని యొక పక్షము. సిరాయు, చేవ్రాలును ఒక్కటియే యగుటచే నది నిలువదు.

గృహస్థపక్ష మిట్లున్నది: నందికొండలఁ బుట్టి, బెంగళూరు మురుగును మోసికొని వచ్చు దక్షిణ పినాకిని, హోసూరు చేరువ కెలవరపల్లి జలాశయపు తూములనుండి దూఁకునపుడు సబ్బునీళ్ల, ఉదుకుపొడుల, కర్మాగారపు వ్యర్థజలముల కలయికచే మంచుగుట్టలవలె నురుగుగట్టి, గాలికి పొలములమీఁదికిఁ బోవుచున్నది, ఆ నీరే దిగువన కృష్ణగిరి ఆనకట్టకుఁ జేరుచున్నది, కావున షాంపూ ముట్టరాదు. వాదము గంభీరమే. కాని మహానగర మొకటి చేసిన నురుగును ఒక యింటి యాఱు పాకెట్ల నెత్తిన రుద్దుట ఏ తర్కమునకును ఒదుగదు.

పాకెట్టు దోష మన్యము. షాంపూను చిన్న పొట్లములుగా నమ్ము దారి తీసినవారిలో కడలూరు చిన్ని కృష్ణన్ ముఖ్యుఁడు. ఆయన కుమారుఁడు సి.కె. రంగనాథన్ 1983లో స్థాపించిన సంస్థ 'చిక్' షాంపూను చిల్లరడబ్బులకే పల్లెలకుఁ జేర్చినది. కెలవరపల్లి నురుగు మోసిన యేఱు తుదకు సముద్రమునఁ గలియునది ఆ కడలూరుకడనే. ఇది కాకతాళీయమే యైనను విడుచుటకు టీకాకారునకు మనసొప్పదు. పలుపొరల నంటించి చేసిన యా పొట్లమును విడఁదీసి మరల వాడుట దుష్కరము. చింపిన మూల సహితము కాలువగట్టునఁ జిరకాలము మెఱయుచుండును.

ఇఁక సిద్ధాంతము. సిప్‌కాట్ పారిశ్రామికవాడలోని కర్మాగారపు బస్సు తెల్లవాఱి ఆఱు గంటలకే వీథి మొగదల నిలుచును. కూఁతురు దాని నందుకొనవలయును. ఆదివార మొక్కనాఁడు కుంకుళ్లు, తక్కిన ఆఱు దినములకు ఆఱు పాకెట్లు, లెక్క సరిపోయినది. ప్రతిజ్ఞ చేసినవాఁ డొకఁడు, కాయలు కొట్టునది వేఱొకతె. కుంకుళ్ల మహిమను నిత్యము కీర్తించు నా గృహస్థుని శిరమునఁ గేశములు లేవనుటయు నిచ్చట స్మరింపఁదగినది.

పాఠాంతరము: మరుసటి వారపు చీటిలో తుదివాక్యము "షాంపూ పాకెట్లు మూడు. కాయలు ఆయనే కొట్టాల" అని కానవచ్చుచున్నది.